నల్లరాయి తేలేదాకా

మా ఊళ్లకి వెళ్లాలంటే గెడ్డ దాటాలి. ఎండాకాలంలో అది మోకాలి లోతు కూడా ఉండదు. ఆషాఢం వచ్చిందంటే మాత్రం పైన కొండ మీద కురిసిన వాన అరగంటలో కిందికి దిగిపోతుంది. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాల నుంచి శనివారం ఇంటికి బయల్దేరిన మేం ఎన్నోసార్లు గెడ్డ ఒడ్డున చింతచెట్టు కింద కూర్చుండిపోయాం. ఆకలి వేసేది. అవతల మా ఇళ్ల పొగ కనిపించేది.

"తాతా, ఎంతసేపు ఆగాల?" అని అడిగేవాళ్లం, సంత నుంచి మాతోపాటు వచ్చి ఆగిపోయిన పెద్దాయన్ని.

"గంటా లేదు, గడియా లేదురా. ఆ నల్లరాయి బుర్ర తేలినాకే దిగాల" అనేవాడు.

గెడ్డ మధ్యలో ఒక నల్లరాయి ఉంది. అది పూర్తిగా మునిగితే నీళ్లు నిలువు లోతు. బుర్ర తేలితే నడుము లోతు. ఒక్కోసారి పది నిమిషాలకే తేలేది. ఒక్కోసారి చీకటి పడినా తేలేది కాదు, వెనక్కి బడికి పోయి పడుకునేవాళ్లం. తాత దగ్గర వాచీ లేదు, దాని అవసరమూ లేదు. ఆయన కాలాన్ని చూడలేదు, గుర్తుని చూశాడు. ఈ మాట మాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అదీ విశాఖపట్నంలో, కంప్యూటర్ ముందు కూర్చున్నాక.

మేం ముగ్గురం. ఇద్దరం సవరలం, ఒకరం జాతాపులం. గుమ్మలక్ష్మీపురం వైపు కొండల పిల్లలం. మేం చదువుకునేటప్పుడు అది విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అయింది. డిగ్రీలయ్యాక మూడు నెలల శిక్షణ తీసుకుని, ఒకరి తర్వాత ఒకరం ఒకే సంస్థలో టెస్టింగు పనిలో చేరాం. ఊళ్లో "ఏటి పనిరా మీది?" అని అడిగితే చెప్పడానికి తంటాలు పడ్డాం. చివరికి ఇలా చెప్పడం నేర్చుకున్నాం: "ఒకళ్లు ఇల్లు కడతారు. తలుపు సరిగ్గా పడతందా, కప్పు కారతందా అని చూసేది మేం."

మా ఇల్లు వెబ్‌సైటు. తలుపు బటను. ప్రతి బటన్నీ రోజూ చేత్తో నొక్కి చూడలేం కదా. అందుకని ఒక చిన్న ప్రోగ్రాం రాస్తాం. అదే బ్రౌజరు తెరుస్తుంది, పేరు నింపుతుంది, బటన్ నొక్కుతుంది, వచ్చిన పేజీ సరైనదా కాదా చూస్తుంది. సరిగ్గా ఉంటే పచ్చగా, లేకపోతే ఎర్రగా చూపిస్తుంది. దీనికి మేం వాడే పనిముట్టు పేరు సెలీనియం. 2004లో అమెరికాలోని షికాగోలో జేసన్ హగ్గిన్స్ అనే ఇంజనీరు తన ఆఫీసు పని కోసం మొదలుపెట్టాడు. అప్పట్లో టెస్టింగు సాఫ్ట్‌వేర్లు అమ్మే పెద్ద కంపెనీ పేరులో మెర్క్యురీ, అంటే పాదరసం ఉంది. పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అని వేళాకోళంగా పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. ఇది ఉచితం. ఎవరైనా దింపుకుని నేర్చుకోవచ్చు. మాలాంటి వాళ్లకి అదే పెద్ద తలుపు.

పనిలో చేరిన కొత్తలో మమ్మల్ని ఏడిపించింది ఒకటే సంగతి: పేజీ మళ్లీ లోడయ్యేదాకా ఆగడం.

చిరునామా ఇచ్చి పేజీ తెరవమంటే సెలీనియం మామూలుగా ఆ పేజీ లోడయ్యేదాకా ఆగుతుంది. కానీ పేజీలో ఉన్న బటన్ నొక్కి, దానివల్ల ఇంకో పేజీ రావాల్సి ఉంటే, ఆ పూచీ లేదు. బటన్ నొక్కడం అయిపోయిందనుకుని మన ప్రోగ్రాం తర్వాతి వరుసకి పరుగెడుతుంది. అప్పటికి కొత్త పేజీ ఇంకా రాలేదు, పాత పేజీ ఇంకా పోలేదు. మనిషి కన్ను గిరగిరా తిరిగే చక్రాన్ని చూసి ఆగుతుంది. ప్రోగ్రాంకి ఆ చక్రం ఏమిటో తెలీదు. ఏ గుర్తు కోసం ఆగాలో మనమే చెప్పాలి.

మాకు అది తెలియలేదు. పగలు మేం చూస్తుండగా పచ్చగా వచ్చిన పరీక్షలు రాత్రి వాటంతటవి నడిస్తే ఎర్రగా వచ్చేవి. మళ్లీ నడిపితే పచ్చన. పూనకం వచ్చినట్టు ఒకరోజు అలా, ఒకరోజు ఇలా. చివరికి అందరూ చేసే పనే చేశాం. ప్రతి బటన్ తర్వాత "5 సెకన్లు పడుకో" అని ఒక వరుస రాశాం. పైథాన్లో దాన్ని స్లీప్ అంటారు. ఎరుపు తగ్గింది. మాకు నిద్ర పట్టింది.

కానీ లెక్క చూడండి. 240 పరీక్షలు. ఒక్కోదానిలో 6 చోట్ల నిద్ర. ఒక్కో నిద్ర 5 సెకన్లు. అంటే 7200 సెకన్లు, అక్షరాలా రెండు గంటలు ప్రోగ్రాం ఊరికే పడుకుంటోంది. ఎక్కువసార్లు పేజీ ఒక సెకనులోనే వచ్చేసేది. మిగతా నాలుగు సెకన్లు దండగ. ఎప్పుడో ఒకసారి ఆరు సెకన్లు పట్టేది. అప్పుడు ఐదు చాలక మళ్లీ ఎరుపు. వేగంగా వచ్చినప్పుడు ఎక్కువ ఆగాం, నెమ్మదిగా వచ్చినప్పుడు తక్కువ ఆగాం. గెడ్డ దగ్గర "గంట ఆగి దిగండి" అని చెప్పడం లాంటిదే ఇది. గంటలో నీరు తీసిందో, పెరిగిందో గంటకేం తెలుసు?

పై అధికారి కోప్పడ్డారు. నిద్రలన్నీ తీసేయమన్నారు. తీసేసి, వాటి బదులు "ఫలానాది కనిపించేదాకా ఆగు" అని రాశాం. సెలీనియంలో దీనికి ఏర్పాటుంది. అర సెకనుకోసారి తొంగి చూస్తుంది. కనిపించగానే ముందుకు పోతుంది. మనం ఇచ్చిన గడువు దాటినా కనిపించకపోతే ఆగిపోయి అరుస్తుంది. పరీక్షలు చకచకా నడిచాయి, అన్నీ పచ్చన. మాకు మెప్పు వచ్చింది. నల్లరాయి సంగతి మాకు తెలిసిపోయిందనుకున్నాం.

తెలియలేదు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

మేం పరీక్షించిన వాటిలో పిల్లలు కాలేజీ సీట్లకి దరఖాస్తు పెట్టుకునే సైటు ఒకటి ఉంది. ఆ జులైలో మాలో ఒకరి చెల్లెలు అదే సైటులో దరఖాస్తు నింపింది. మా ఊళ్లో ఇళ్ల దగ్గర సిగ్నల్ ఉండదు. ఊరి పైన జీడితోట దాటాక ఒక పెద్ద మామిడిచెట్టు ఉంది. దాని కింద నిలబడితే రెండు గీతలు వస్తాయి. గాలివాన ఉంటే ఒకటే గీత. ఊరి పిల్లలందరికీ అదే మీసేవ, అదే ఆఫీసు. ఆ పిల్ల ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకుంది. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం ఫోటోలు తీసి ఎక్కించడానికే రెండు పూటలు పట్టింది. ఆఖరి రోజు సాయంత్రం చివరి బటన్ నొక్కింది. చక్రం తిరిగింది, తిరిగింది. పేజీ ఒకసారి తెల్లబడి మళ్లీ వచ్చింది. పైన దరఖాస్తు సంఖ్య కనిపించింది. వెంటనే ఫోన్ చేసింది.

"అన్నా, ఎక్కిపోనాది. నంబరు వచ్చీసింది."

మేం ముగ్గురం ఇక్కడ గదిలో టీ తాగుతూ సంతోషించాం. అది మేం పరీక్షించిన పేజీయే అని గొప్ప కూడా చెప్పుకున్నాం.

జాబితా వచ్చింది. పేరు లేదు. అడిగితే దరఖాస్తు అందలేదన్నారు. నంబరు చూపిస్తే, "ఇది మొదలుపెట్టినప్పుడు ఇచ్చే నంబరు, ముగించినట్టు కాదు" అన్నారు. వాళ్ల మాటలో అబద్ధం లేదు. గడువు అయిపోయింది. ఆ పిల్లకి ఒక ఏడాది పోయింది. ఎవర్నీ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే అమ్మతో కలిసి అల్లం చేనులో కలుపు తీయడానికి వెళ్లిపోయింది. ఆ మాట ఫోన్లో విన్న రోజు మాకు అన్నం సహించలేదు.

ఆ రాత్రి ఆఫీసులో కూర్చుని మా పరీక్ష తెరిచి చూశాం. అందులో మేం రాసిందిది: చివరి బటన్ నొక్కు, దరఖాస్తు సంఖ్య కనిపించేదాకా ఆగు, కనిపిస్తే పచ్చన. చూడ్డానికి బాగానే ఉంది. కానీ దరఖాస్తు సంఖ్య పాత పేజీలో కూడా పైన ఉంది. ఫారం మొదలుపెట్టిన నిమిషం నుంచీ ఉంది. మా ప్రోగ్రాం బటన్ నొక్కింది, కళ్లెత్తి చూసింది, పాత పేజీలోనే సంఖ్య కనిపించింది, "వచ్చేసింది" అంది. ఒక్క అర సెకను కూడా ఆగలేదు. కొత్త పేజీ వచ్చినా రాకపోయినా దానికి ఒకటే. నెలల తరబడి మేం చూసి మురిసిన పచ్చదనం ఉత్తిదే.

మరి ఆ పిల్ల ఫోన్లో ఏం జరిగింది? ఫైళ్లు నెమ్మదిగా ఎక్కి అవతల సమయం దాటిపోతే, ఆ సైటు పొరపాటు జరిగిందని చెప్పకుండా పాత ఫారాన్నే తిరిగి చూపించేది. పైన అదే సంఖ్య. పట్నంలో వేగమైన నెట్ ఉన్నవాళ్లకి ఆ పరిస్థితి రాదు. మామిడిచెట్టు కింద నిలబడ్డవాళ్లకే వస్తుంది. మా చెల్లెలు చూసి మోసపోయింది కూడా, మా ప్రోగ్రాం చూసి మోసపోయిన ఆ సంఖ్యనే.

మా పరీక్ష సరిగ్గా ఉండుంటే ఆమెకి సీటు తప్పక వచ్చేదని చెప్పలేం. ఆఫీసులో నెట్ వేగం వల్ల మాకూ ఆ తప్పు బయటపడకపోవచ్చు. కానీ చూడాల్సిన గుర్తు మేం చూడలేదు. అది మాత్రం మా తప్పే. పైగా కొండ మీద నెట్ ఎలా ఉంటుందో ఆ ఆఫీసు మొత్తంలో తెలిసినవాళ్లం మేం ముగ్గురమే. తెలిసీ ఆ సంగతి పరీక్షలో పెట్టలేదు. ఉద్యోగం వచ్చాక మేం కూడా పట్నం నెట్‌కి అలవాటు పడిపోయాం.

సరిచేయడం ఎలాగో వెతికాం. గెడ్డ దగ్గర తాత చెప్పిన ఇంకో మాట అప్పుడు గుర్తొచ్చింది. వరద తీశాక మేం పోయిన వారం అడుగు పెట్టిన రాళ్ల మీదే గబగబా అడుగులు వేయబోతే ఆపేవాడు. "సూడ్డానికి అదే రాయిరా. కింద ఇసక కొట్టుకుపోనాది. కర్రతో పొడిసి సూసి కాలెట్టు" అనేవాడు.

బ్రౌజరులోనూ అంతే. పేజీ మళ్లీ లోడయితే పాత పేజీలోని ప్రతి వస్తువూ చచ్చిపోతుంది. కొత్త పేజీలో అదే పేరుతో, అదే చోట, అదే రంగులో ఇంకోటి పుడుతుంది. పాతదాన్ని పట్టుకుని నొక్కబోతే సెలీనియం "స్టేల్ ఎలిమెంట్" అని తప్పు చూపిస్తుంది. అంటే నువ్వు పట్టుకున్నది పాతబడిపోయింది అని. మేం ఎప్పుడూ ఆ మాట చూసి విసుక్కునేవాళ్లం. నిజానికి అదే మనకి కావలసిన కబురు. పాతది చచ్చిందంటేనే పేజీ మారినట్టు.

కాబట్టి రెండు మెట్లుగా రాశాం. బటన్ నొక్కేముందు పాత పేజీలోని ఒక వస్తువుని పట్టుకోవడం. నొక్కాక, మొదట అది పాతబడేదాకా ఆగడం. ఆ తర్వాత కొత్త పేజీలో మాత్రమే ఉండే మాట కోసం, అంటే "మీ దరఖాస్తు అందింది" అన్న వాక్యం కోసం ఆగడం. రెంటికీ గడువు పెట్టడం. పాత నీరు పోయిందా చూడు, తర్వాత నల్లరాయి తేలిందా చూడు. ఒకటి చాలదు. పాతది పోవడం ఒక్కటే చూస్తే, తిరిగొచ్చిన ఖాళీ ఫారాన్ని కూడా గెలుపనుకుంటాం.

2020లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ప్లేరైట్ వంటి కొత్త పనిముట్లు బటన్ కనిపించి, కదలకుండా నిలబడి, నొక్కడానికి సిద్ధమయ్యేదాకా వాటంతటవే ఆగుతాయి. మంచిదే. కానీ ఏది గెలుపు గుర్తో అవి కూడా చెప్పలేవు. అది మనిషి చెప్పాల్సిందే.

ఇంకో పని చేశాం. క్రోమ్ బ్రౌజరులో నెట్ వేగాన్ని కావాలని తగ్గించే ఏర్పాటుంది. పరీక్ష నుంచే తగ్గించవచ్చు. దాన్ని మా మామిడిచెట్టు వేగానికి దింపాం. కొత్త పరీక్షని నడిపాం. ఎరుపు. మళ్లీ నడిపాం. ఎరుపు. ఎరుపు చూసి మాకు ఊపిరి వచ్చినట్టయింది అదే మొదటిసారి. ఆ ఎరుపుని, దాని కారణాన్ని కాగితం మీద పెట్టి పైవాళ్లకి ఇచ్చాం. మా పాత పరీక్ష తప్పని కూడా అందులోనే రాశాం. రాయడానికి భయం వేసింది. ఉద్యోగం పోతుందేమో అనుకున్నాం. పోలేదు. కొన్ని వారాలకి ఆ పేజీ మారింది. ఇప్పుడు సమయం దాటితే "మీ దరఖాస్తు ఇంకా అందలేదు" అని తెలుగులో పెద్దక్షరాలతో చెబుతుంది. నింపినవి చెరిగిపోవు.

ఈ కథ ఈ పుస్తకంలో ఎందుకు రాస్తున్నామంటే, టీచర్లతో ఒక మాట, తమ్ముళ్లతో చెల్లెళ్లతో ఒక మాట చెప్పాలని.

టీచర్లూ, మా సవర ఇంటి పిల్ల ఒకటో తరగతిలో కూర్చుంటుంది. మీరు తెలుగులో ప్రశ్న అడుగుతారు. సవర ముండా కుటుంబం భాష, తెలుగు ద్రావిడ కుటుంబం భాష. రెంటికీ వావీ వరసా లేదు. ఆ పిల్ల మీ మాటని సవరలోకి మార్చుకోవాలి, జవాబు వెతుక్కోవాలి, దాన్ని మళ్లీ తెలుగులోకి మార్చాలి. లోపల పేజీ మళ్లీ లోడవుతోంది. బయటికి కనిపించేది మాత్రం మౌనం. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో తరగతి గదులు గమనించి, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది ఒక సెకను అటూ ఇటూ మాత్రమేనని చెప్పింది. మూడు సెకన్లు, ఆపైన ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది. అది ఒకే భాషలో చదువుకునే పిల్లల సంగతి. రెండు భాషల గెడ్డ దాటాల్సిన పిల్లకి ఇంకెంత కావాలి? వేళ్లతో సెకన్లు లెక్కపెట్టొద్దు. ఆ పిల్ల ముఖం చూడండి. నల్లరాయి అక్కడే ఉంటుంది. తల ఊపిందనో, "అవును సార్" అందనో ముందుకు పోవద్దు. అది పాత పేజీలోని నంబరు. తన మాటల్లో తిరిగి చెప్పిందా, అదీ కొత్త పేజీ గుర్తు.

ఈ సంగతి తెలిసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1936లో మంగై గొమాంగో సవరకి సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. అది యూనికోడ్‌లోకి వచ్చి కంప్యూటర్లు గుర్తుపట్టింది 2012లో. మన రాష్ట్రంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా వంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులు చెప్పే పని 2004లో మొదలైంది. ఎవరి ఆగడమూ ఊరికే పోలేదు.

ఇక తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. మన వాళ్లకి ఆగడం కొత్త కాదు. కంది పండినా కందికొత్తల పండగ చేసేదాకా నోట పెట్టం. జీలుగుచెట్టుకి కుండ కట్టి నిండేదాకా ఆగుతాం. అవి తెలిసి ఆగడాలు. ఏ గుర్తు కోసమో తెలుసు. కానీ ఆఫీసుల దగ్గర మన ఆగడం అలాంటిది కాదు. "అవుతాది, ఎల్లండి" అంటే వచ్చేస్తాం. రోడ్డు వస్తుందని ఆగాం, డోలీలో మోసుకుపోతూ ఆగాం. ఏ గుర్తు కనిపిస్తే అయినట్టో మనం అడగలేదు, ఎప్పటిలోగా అని కూడా అడగలేదు. గడువు లేకుండా ఆగే ప్రోగ్రాం ఎప్పటికీ ఎర్రబడదు. అది అక్కడే వేలాడుతూ ఉంటుంది. లోపల తప్పుందని ఎవరికీ తెలియదు.

అందుకే సెలీనియంలో ప్రతి ఆగడానికీ ఒక టైమవుట్ ఉంటుంది. చట్టంలోనూ అలాంటివి ఉన్నాయి. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం అడిగిన కాగితానికి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించినదైతే 48 గంటల్లో. దాటితే పై అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు. అంటే అరవడానికి హక్కుంది. మీరు ఏ దరఖాస్తు పెట్టినా రసీదు అడగండి. "ఇది మొదలుపెట్టిన నంబరా, అందినట్టు నంబరా?" అని అడగండి. ఎన్నాళ్లలో అవుతుందో తారీఖు రాయించుకోండి. ఆ తారీఖు దాటితే మళ్లీ వెళ్లి గట్టిగా అడగండి.

మా చెల్లెలు మరుసటి ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టింది. సీటు వచ్చింది. పోయిన ఏడాది మాత్రం తిరిగి రాలేదు. ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తదు. మేమే మరిచిపోకుండా ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇప్పుడు మా చేతికి ఏ కొత్త ఫారం వచ్చినా మా పరీక్షల్లో ఒకటి ఎప్పుడూ నెమ్మది నెట్ మీదే నడుస్తుంది. దాని పేరు "మామిడిచెట్టు". ఆఫీసులో మిగతావాళ్లు ఇదేం పేరని అడుగుతారు. చెబుతాం. సెలవులకి ఊరెళ్లినప్పుడు, అప్పటికే జనం వాడుతున్న ఫారమైతే, నిజం చెట్టు కింద నిలబడి మేమే ఒకసారి నింపి చూస్తాం. చెల్లెలు పక్కన నిలబడి తెర వంక చూస్తూ అడుగుతుంది:

"నంబరు కాదన్నా, అందింది అన్న మాట వచ్చినాదా?"